కుదువ పెట్టిన బియ్యం కార్డు

1984 జూన్ 4, సోమవారం

పొద్దున డప్పు కొట్టి చాటింపు వేశారు. శనివారం బియ్యం కార్డులన్నీ కాశిబుగ్గ వార్డు ఆఫీసులో చూపించాలట. మనిషి స్వయంగా రావాలి. రాకపోతే కార్డు రద్దు.

నా కార్డు నా దగ్గర లేదు. దుకాణపు సేటు గల్లాపెట్టెలో ఉంది. పోయి అడిగాను.

"కార్డు నీ దగ్గరుంటే ఏంది అవ్వా, నా దగ్గరుంటే ఏంది? నువ్వేమన్న చదువుతవా?"

చదవను. అయినా అది నాది... ఈ మాట అట్లాగే రాయమన్నాను. పక్కింటి టీచరమ్మ రాస్తున్నది. ఏ రోజు జరిగింది ఆ రోజే రాసి పెట్టుకుంటే ఆఫీసులో అడిగినప్పుడు తడబడవు అక్కా, అన్నది. బడి మానేసి ఎన్నేండ్లయినా కాపీ రాయించే అలవాటు పోలేదు ఆమెకు.

జూన్ 5

మళ్ళీ పోయాను. "రేపు రా."

జూన్ 6, బుధవారం

పోయాను. దుకాణానికి తాళం. అత్తగారింటికి పోయాడట.

కార్డు అతని చేతికి ఎట్లా పోయిందని టీచరమ్మ అడిగింది. రాయి. పోయినేడు చలికాలంలో దగ్గు పట్టి నెలన్నర రాట్నం ముందు కూర్చోలేదు. మగ్గాల వాళ్ళకు నూలు కండెలు చుట్టి ఇస్తేనే నాకు పైసలు. ఇంట్లో పప్పు లేదు, మంచినూనె లేదు, దీపానికి గ్యాసునూనె లేదు. సేటు ఉద్దెర ఇస్తానన్నాడు. "కార్డు కుదువ పెట్టు అవ్వా, ఫికర్ చెయ్యకు." పెట్టాను. అప్పటి నుంచి నా కార్డు మీద కంట్రోలు దుకాణంలో నెలకు ఇరవై కిలోలు అతనే తెచ్చుకుంటాడు. నాకు ఐదు కొలుస్తాడు. మిగిలింది అమ్ముకుంటాడు. బదులుగా పప్పు, నూనె, సబ్బు ఇస్తాడు.

ఈ ఎండాకాలం ఐదు కాస్తా మూడయింది. సబ్బు బంద్. ఎందుకంటే బాకీ పెరిగిందట. ఏ బాకీ? నా బియ్యం తిన్నదెవరు?

ఇంకొకటి. కార్డులో ఉన్నది నలుగురం — ఆయన, మా ఆడబిడ్డ, నేను, నా సవతి లచ్చమ్మ. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. ముగ్గురూ పోయారు. పేర్లు తీయించలేదు. తప్పే. అది కూడా రాయి, దాచకు.

ఆఖరున పోయింది లచ్చమ్మ. ఇప్పటికీ ఇద్దరికి సరిపడా బియ్యం పోస్తాను... మళ్ళీ తీసి డబ్బాలో వేస్తాను.

జూన్ 7, గురువారం

పొద్దటి నుంచి దుకాణం మెట్టు మీదే కూర్చున్నాను. వచ్చినవాళ్ళు నన్ను దాటి పోవాలి.

"లే అవ్వా, గిరాకి చెడగొడ్తానవ్."

"కార్డియ్యి. లేస్త."

సేటు వంగి, గొంతు తగ్గించాడు. "శనివారం నేనే పట్టుకొస్త. నువ్వు నా పక్కన నిలబడు. మేం నలుగురం, ముగ్గురు పెండ్లికి పోయిన్రని చెప్పు. అయిపాయె."

"ఎవల పెండ్లికి?"

"ఎవలదైతేంది!"

"సచ్చినోళ్ళను పిలిచి బువ్వ పెట్టేటి పెండ్లి ఎవలింట్ల అయితాంది సేటూ? నువ్వు గూడ పోకపోయినవా?"

సబ్బు కొంటున్న ఆమె పకపకా నవ్వింది. సేటు నవ్వలేదు. "పేర్లు కొట్టేయించుకో మరి. నీ వంతుకు ఐదు కిలోలొస్తయ్. పప్పెవలిస్తరు? నూనెవలిస్తరు?"

లేచి వచ్చాను.

జూన్ 8

కార్డు ఇప్పించమని అర్జీ రాస్తాను, ఇంటి యజమాని పేరు చెప్పక్కా, అన్నది టీచరమ్మ. చెప్పలేదు. పెనిమిటి పేరు నోటితో అనకూడదు. పెండ్లి అయిన నాటి నుంచి అనలేదు. ఆమె ఈ వాడకు వచ్చేసరికే ఆయన లేడు, ఆమెకు తెలియదు.

కార్డు రాసిన నాడూ ఇదే తిప్పలు. అప్పుడు లచ్చమ్మకూ నాకూ వారం నుంచి మాటలు లేవు. రాసేవాడు పేరు అడిగితే, ఆమె దిక్కు చూడకుండానే "నువ్వు చెప్పే" అన్నాను. "పెద్దదానివి, నువ్వే చెప్పక్కా" అన్నది. కొంగులు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. ఆఖరికి ఆయనే మగ్గం గుంతలో నుంచి లేచి వచ్చాడు. "ఇద్దరిని చేసుకుంటి, ఒక్కదానికన్న నోరు లేకపాయె!"

ఆ నవ్వుతోనే మాటలు కలిశాయి మాకు.

అర్జీ ఆగింది.

జూన్ 9, శనివారం

ఆఫీసు. వరుస బజారు దాకా. టీచరమ్మ వెంట వచ్చింది. సేటు తలుపు దగ్గర. అంగీ జేబులో నా కార్డు.

"కార్డేదవ్వా?" అన్నాడు గుమాస్తా.

"సేటు జేబుల ఉన్నది."

"ముసలామె సార్, పారేసుకుంటదని నా దగ్గర దాచుకున్నది. నలుగురున్నరు, నేను చెప్త..."

"నువ్వాగవయ్యా. అవ్వా, యజమాని పేరు చెప్పు. రిజిస్టర్ల చూస్త."

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. వెనక నుంచి — "జర జల్ది చెప్పవ్వా, ఎండ కొడ్తాంది." ఇంకెవడో — "మొగని పేరు మర్సిపోయినట్టున్నది!" నవ్వులు. సేటు రెండడుగులు ముందుకు వేసి గొంతు సవరించుకున్నాడు.

నాకు అడ్డం పడి, ఆయన పేరు వీడు చెబుతాడా?

చెప్పాను. బయటి బజారుకు వినబడేట్టు చెప్పాను. ఇక్కడ మాత్రం రాయవద్దన్నాను టీచరమ్మను.

గుమాస్తా వేలు పెట్టి వెతికి పట్టుకున్నాడు. "ఉన్నడా?"

"లేడు."

ఎర్ర గీత. ఆ పేరు ఇంకా నా చెవిలోనే ఉంది, గీత పడిపోయింది. ఆడబిడ్డ — లేదు. గీత. లచ్చమ్మ దగ్గర ఆలస్యం చేశాను. అతను తలెత్తాడు.

"లేదు బిడ్డా."

నా పేరు చదివాడు. ఉన్నానన్నాను.

గుమాస్తా సేటు జేబులోని కార్డు తీసుకుని సొరుగులో వేశాడు. పాతది చెల్లదట. "బుధవారం మా మనిషి ఇంటికొస్తడు. నువ్వు ఒక్కదానివే ఉంటానవని ఎరిగినోళ్ళు ఇద్దరు సాక్ష్యం చెప్పాలె. అప్పుడు కొత్త కార్డు."

"చెప్పకుంటే?"

"రాదు."

సేటు మెట్లు దిగుతూ అన్నాడు: "ఇగ నా దుకాణం దిక్కు రాకు."

జూన్ 10

నల్లా రాలేదు. ధర్మసాగర్ చెరువు అడుగంటిందట. చాయపత్తి లేదు. ఎవరూ రాలేదు.

జూన్ 11, సోమవారం

టీచరమ్మ ఒకరు. ఇంకొకరు కావాలి.

మగ్గాల వాళ్ళింటికి పోయాను. ఎన్నేండ్ల నుంచో కండెలు చుట్టి ఇస్తున్నాను, నా గడప ఎప్పుడూ తొక్కలేదు వాళ్ళు. "నువ్వొక్కదానివే ఉంటవా అవ్వా? మాకేం ఎరుక!" ఎదురింటివాళ్ళు కొత్తగా దిగారు, నా పేరే తెలియదు. మూలింటామె తలుపు సగమే తీసింది. "సేటు దగ్గర మాకూ ఉద్దెరున్నది పెద్దమ్మా. నన్ను నడుమకు గుంజకు."

జూన్ 12

రేపే వస్తాడు ఆఫీసు మనిషి. దోసెడు బియ్యం ఉన్నాయి.

ఒక్కదాన్నే ఉంటున్నానని చెప్పడానికి ఇద్దరు కావాలి. ఒక్కరే దొరికారు.

నాకు సబ్బు ఎన్నాళ్ళకు అరుగుతుందో, ఒక్క కడుపుకు నూనె ఎంత పడుతుందో నెలనెలా ఎరిగినవాడు ఈ వాడలో ఇంకొకడున్నాడు.

టీచరమ్మ రాస్తూనే తలెత్తి నా మొఖం చూస్తున్నది.

పొద్దు ఇంకా గూకలేదు. గడపలో నుంచి సేటు దుకాణం కనబడుతుంది. గిరాకి లేదు. తక్కెడ తుడుస్తున్నాడు... తలెత్తి ఇటే చూశాడు.