డబ్బా మీది డ్రాగన్

బావమరిదికి,

మేం చేసిన పాత కంప్యూటర్ గేమ్ మీద నువ్వు పత్రికలో రాసిన పొగడ్తలు చూశాను. "మహాకావ్యం" అట! అది విడుదలైనప్పుడు ఇదే పత్రికలో, ఇదే చేత్తో "కోట తలుపే తెరుచుకోని చెత్త" అని రాసి మా దుకాణం మూయించావు. కాపలా ముసలాణ్ణి కనబడగానే కత్తితో పొడిస్తే తలుపెలా తెరుచుకుంటుంది? తాళంచెవి ఎక్కడుందో చెప్పేది ఆయనే. పలకరించి రెండు ముక్కలు మాట్లాడితే సరిపోయేది. నీకంత ఓపిక ఎక్కడిది!

ఇప్పుడు అందరూ మెచ్చుకుంటున్నారని నువ్వూ గొంతు కలిపావు. కలుపు, ఎవరొద్దన్నారు? కానీ చివర్లో డ్రాగన్‌తో యుద్ధం చేస్తుంటే ఒళ్లు గగుర్పొడిచిందని రాశావు చూడు, అక్కడ నవ్వాపుకోలేకపోయాను. ఆ గేమ్‌లో డ్రాగనే లేదు నాయనా. బొమ్మ బాగుంటే జనం కొంటారని డబ్బా మీద వేయించాం, అంతే.

మీ అక్కకి కంటి ఆపరేషన్ అయింది కదా, నీ వ్యాసం నేనే చదివి వినిపించాను. డ్రాగన్ ముక్క మింగేసి, చివర్లో నీకు ఒళ్లు గగుర్పొడిచిందని మాత్రం చదివాను. "అయితే తమ్ముడు చివరిదాకా వెళ్లాడన్నమాట" అని మురిసిపోయింది. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆదివారం భోజనానికి వస్తావుగా, గేమ్ చివర్లో అవ్వ ఏమందని మీ అక్క నిన్ను అడుగుతుంది. ఈలోగా కుదురుగా కూర్చుని ఆడు. ముసలాణ్ణి చంపకు. చివరి గుడిసెలో ఒక అవ్వ ఉంటుంది. ఆమె మాటలన్నీ మీ అక్క రాసినవే. అక్కడిదాకా వచ్చిన ప్రతివాణ్ణీ ఆ అవ్వ ఒకే ముద్దుపేరుతో పిలుస్తుంది. చిన్నప్పుడు మీ అక్క నిన్ను పిలిచిన పేరది. ఊళ్లోవాళ్లంతా ఆ పిలుపు విన్నారు, నువ్వు తప్ప.

బావ