నాలుగు ఎర్త్ వైర్లు

ఫిబ్రవరి 9, 2003

బ్యాటరీ కంపెనీ ఏజెంటు ఈ డైరీ మా ఆయనకిచ్చాడు. ఆయన బల్ల కింద పడేశాడు. ఇంటర్ పరీక్షలయ్యాక నేను వరసగా నాలుగు వాక్యాలు రాసింది లేదు. చూద్దాం.

ఆయన కిడ్నీలు పాడయ్యాయి, క్రియాటినిన్ ఆరు దాటింది. చేతులు వణుకుతున్నాయి, స్క్రూ మీద స్క్రూడ్రైవర్ నిలవడం లేదు. కాశీబుగ్గ రోడ్డులో సింహాద్రి ఆటో ఎలక్ట్రికల్స్ అంటే పదిహేనేళ్ల పేరు. ఆ పేరు ఇప్పుడు నా చేతుల మీద నడుస్తోంది. బయటివాళ్లకి మాత్రం నేను టార్చ్ పట్టుకునే మనిషిని. ఆయన కుర్చీలో కూర్చుని ఆ నట్టు తిప్పవే, ఆ వైరు లాగవే అని గట్టిగా చెబుతుంటాడు. ఆ నట్టు నేను అప్పటికే తిప్పేసి ఉంటాను.

పని నేర్పింది ఆయనే. అది కూడా రాయాలి. పెళ్లయిన కొత్తలో నా వేలు పట్టుకుని ఇంజన్ మీద అక్కడా ఇక్కడా పెట్టించేవాడు. "కరెంటుకి దారి మూసీసేవనుకో, ఇంకో దారి ఎతుక్కుంటాది. యెక్కడ కాల్తందో సూడు, అదే దారి" అనేవాడు. అప్పుడు నవ్వుతూ చెప్పేవాడు.

ఫిబ్రవరి 12

ఢిల్లీబాబు కారు వచ్చింది. భావనపాడు వాడు. ఉద్దానం ఊళ్ల నుంచి కిడ్నీ పేషెంట్లని విశాఖపట్నం డయాలసిస్‌కి తిప్పుతాడు. రెండు నెలలుగా కారు స్టార్ట్ కావడం లేదట. టెక్కలిలో బ్యాటరీ మార్చారు, శ్రీకాకుళంలో సెల్ఫ్ మోటార్ మార్చారు. అయినా తాళం తిప్పితే టక్ అని ఊరుకుంటుంది. మొన్న నరసన్నపేట దగ్గర ఆగిపోతే వెనక కూర్చున్న పేషెంట్ల చేతే తోయించాడట. "ఆల్లు తోత్తంటే నానెలాగ సూడగల్ను వదినా" అన్నాడు.

ఆయన బ్యాటరీయే అన్నాడు. నేను హెడ్‌లైట్ వేయించాను. టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. లైటుకీ ముల్లుకీ సంబంధమేమిటి? ఢిల్లీబాబుని సెల్ఫ్ కొట్టమని యాక్సిలరేటర్ కేబుల్ మీద చెయ్యి పెట్టాను. చుర్రుమంది. అర్థమైపోయింది. ఇంజన్ నుంచి బ్యాటరీ మైనస్‌కి వెళ్లే ఎర్త్ పట్టీ ఉప్పుగాలికి చిలుమెక్కి పచ్చగా పొడైపోయింది. కరెంటు వెనక్కి వెళ్లడానికి దారి లేక యాక్సిలరేటర్ కేబుల్ మీదుగా పోతోంది. జంపర్ కేబుల్ ఒక కొస ఇంజన్‌కి, ఒక కొస మైనస్‌కి పట్టించాను. ఒక్క దెబ్బకి స్టార్ట్ అయింది.

ఢిల్లీబాబు చప్పట్లు కొట్టాడు. నేను ఆయన మొహం వైపు చూడలేదు. చూడాల్సింది.

ఫిబ్రవరి 13

పాత ఎర్త్ మార్చి ఊరుకుంటే ఏడాది తిరక్కుండా మళ్లీ ఇదే కథ. అందుకని ఇంకో మూడు వేశాను. ఇంజన్ నుంచి బాడీకి ఒకటి, డైనమో నుంచి మైనస్‌కి ఒకటి, గేర్‌బాక్స్ నుంచి ఛాసిస్‌కి ఒకటి. పెయింట్ గీకి, ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, కొసలు సోల్డరింగ్ చేసి, పైన గ్రీజు పూశాను.

"కంపినీవోడు ఒక్కటెడితే నీకు నాలుగు కావాలేటే? ఆడికన్నా ఎక్కువ సదివీసేవా?" అన్నాడు ఆయన.

"కంపినీవోడు సముద్రం ఒడ్డున కాపరం సెయ్యలేదు కదా మావా" అన్నాను.

ఢిల్లీబాబు పగలబడి నవ్వాడు. అతని ముందు అనకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 27

ఎర్త్ వైర్ల కోసమే ఆరు బళ్లు వచ్చాయి. ఒకటి నౌపడ ఉప్పు లారీ.

మార్చి 6

జీడిపప్పు ఫ్యాక్టరీ జగదీశ్వరరావు గారు తన కారు తెచ్చారు. ఆయన వస్తున్నారని తెలిసి మా ఆయన షాపు వెనక టార్పాలిన్ కట్టించాడు. కారు లోపలికి, షావుకారు బయట కుర్చీలోకి. నేను టార్పాలిన్ వెనక. మా ఆయన మధ్యమధ్యలో లోపలికి వచ్చి, చేతులకి గ్రీజు రాసుకుని, మళ్లీ బయటికి వెళ్లాడు.

జగదీశ్వరరావు గారు నీ చెయ్యి దేవుడి చెయ్యి సింహాద్రీ అన్నారు. ఆ గ్రీజు చెయ్యి పట్టుకునే అన్నారు. నాకు వినిపించింది.

సాయంత్రం కామాక్షమ్మ టీకొట్టుకి వెళ్లి మొత్తం చెప్పేశాను. టార్పాలిన్ సంగతి, గ్రీజు సంగతి, ఆయన చేతులు వణికే తీరు. వణికి చూపించాను కూడా. ఇద్దరం నవ్వాం. ఎంత హాయిగా ఉందో.

మార్చి 8

కామాక్షమ్మకి చెప్పడమంటే మైకులో చెప్పడమే. ఈరోజు టీకొట్టు దగ్గర పదిమందిలో ఢిల్లీబాబు, "అన్నా, వదినకి కుర్సీ ఇచ్చీసి నువ్వు టార్చి అట్టుకోరాదేటి?" అన్నాడట. అందరూ నవ్వారట. ఆయన కూడా నవ్వాడట.

ఆయన నవ్వాడని విన్నాక నాకు భయం వేసింది.

మార్చి 9, పగలు 11

సోల్డరింగ్ ఐరన్.

మార్చి 11

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు రావడం లేదు.

మార్చి 12

కుడి అరచెయ్యి. ఐరన్ వేడెక్కేదాకా కూర్చుని చూశాడు. తడి స్పాంజికి అద్ది పరీక్షించాడు, నాకు నేర్పినట్టే. "ఇప్పుడు అట్టుకో స్పానరు" అన్నాడు. ఆ కాస్సేపు ఆయన చెయ్యి వణకలేదు.

కామాక్షమ్మకి వేడి గిన్నె పట్టుకున్నానని చెప్పాను. నమ్మింది. నిజం చెప్పినప్పుడు అంత తొందరగా నమ్మలేదు.

ఇకనుంచి ఆయన అని రాయను. సింహాద్రి.

మార్చి 14

హారన్ మోగడం లేదని ఢిల్లీబాబు వచ్చాడు. సింహాద్రి తనే లేచాడు. నన్ను మందుబిళ్లలు తెమ్మని పంపించాడు, ఢిల్లీబాబుని టీ తాగి రమ్మన్నాడు. నేను వచ్చేసరికి హారన్ మోగుతోంది. బానెట్ మూసి ఉంది.

మార్చి 17

ఢిల్లీబాబు కారుని ట్రాక్టర్‌కి కట్టి లాక్కొచ్చారు. ఉదయం కోటబొమ్మాళి దగ్గర టీకి ఆపితే మళ్లీ స్టార్ట్ కాలేదట. లోపల సంతబొమ్మాళి వైపు ముసలావిడ జోగమ్మ. ఎండలో రెండు గంటలు రోడ్డు పక్కన కూర్చుంది. ఒంటినిండా నీరు. ఇంకో బండి దొరక్క డయాలసిస్ తప్పింది. ఇంటికి తీసుకుపోయారు.

సింహాద్రి రోడ్డు మీదకి వచ్చి అందరికీ వినబడేలా చెప్పాడు. "ఆడదాని సేత పని సేయిత్తే ఇలగే ఉంటాది. నాలుగు ఎర్తులంట, నాలుగు! నానొద్దంటే ఇన్నాదేటి?"

బానెట్ ఎత్తి చూశాను. మూడు వైర్లు కట్టర్‌తో కోసి ఉన్నాయి. కోసిన చోట కొత్త టేపు చుట్టి ఉంది, పైకి కనబడకుండా. నాలుగోదాని నట్టు దారిలో ఊడిపోయేలా వదులు చేసి ఉంది. ఆ టేపు మా షాపుదే.

ఢిల్లీబాబుకి వైర్లు తెలీవు. "నిన్ను నమ్మి పేసెంట్లని ఎక్కించుకున్నాను వదినా" అన్నాడు. నేను బానెట్ మూసేశాను. భయపడి కాదు. ఎప్పుడు చెప్పాలో ఇంకా తెలియలేదు, అంతే.

కారు షాపు ముందే వదిలి వెళ్లాడు. రెండు రోజుల్లో తనే బాగుచేసి ఇస్తానని సింహాద్రి మాటిచ్చాడు.

మార్చి 18

వణుకు తగ్గాక రాస్తున్నాను. ఈసారి నాది.

ఉదయం తొమ్మిదింటికి సింహాద్రికి ఊపిరి ఆడలేదు. పడుకుంటే మునిగిపోతున్నట్టు లేచి కూర్చుంటున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. కామాక్షమ్మ, చుట్టుపక్కల షాపులవాళ్లు చేరారు. స్టాండులో బళ్లన్నీ మందస పెళ్లికి పోయాయి. తన కారు చూసుకోవడానికి ఢిల్లీబాబు అప్పుడే వచ్చాడు. ఉన్నది ఆ కారొక్కటే. సింహాద్రిని వెనక సీట్లో కూర్చోబెట్టారు. ఢిల్లీబాబు తాళం తిప్పాడు. టక్.

అందరూ నా వైపు చూశారు. వెనక సీట్లోంచి సింహాద్రి కూడా.

జంపర్ కేబుల్ నా ఎడమ చేతిలోనే ఉంది. రెండు కొసలు పట్టించాలి. చిటికెలో పని. నేను బానెట్ ఎత్తి, వెనక డోరు దగ్గరికి వెళ్లాను.

"ఈ వైర్లు ఎవులు కోసీసేరు మావా?"

తల అడ్డంగా ఊపాడు. నేను కదల్లేదు. అతని గుండెలోంచి బుడబుడమని చప్పుడొస్తోంది.

"నాను" అన్నాడు.

"అందరికీ ఇనపడాల."

"నానే కోసీసేను."

కట్టు విప్పి చెయ్యి చూపించాను. "ఇది?"

"నానే కాల్సేను."

కామాక్షమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఢిల్లీబాబు దిగి నా కాళ్ల దగ్గరికి వచ్చేశాడు. "సాలు వదినా, పేణం పోతాది, సాలు" అన్నాడు.

చాలు. నిజంగానే చాలు. కావలసిందంతా అందరూ విన్నారు. మూడోది అవసరం లేదు. అడిగాను.

"జగదీశ్వరరావు గారి కారు ఎవులు సేసేరు?"

అతనికి నోరు తెరవడానికే ఊపిరి చాల్లేదు. వేలెత్తి నా వైపు చూపించాడు.

"నోటితో సెప్పు."

ఎంతసేపు పట్టిందో తెలియదు. "ఉసారాణి" అన్నాడు. పదకొండేళ్ల కాపురంలో అతను నా పేరు పలకడం అదే మొదలు.

వెళ్లి కేబుల్ పట్టించాను. ఒక్క దెబ్బకి స్టార్ట్ అయింది.

మార్చి 19, విశాఖ

టెక్కలిలో ఆక్సిజన్ పెట్టి ఇంజెక్షన్ ఇచ్చి ఇక్కడికి పంపారు. డయాలసిస్ చేశారు. బతికాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదమ్మా అన్నాడు డాక్టరు. కాస్త అంటే ఎంత అని అడిగాను. ఆయనకి నా ప్రశ్న అర్థం కాలేదు.

ఏప్రిల్ 3

వారానికి రెండుసార్లు విశాఖ. ఢిల్లీబాబు కారులోనే. నాలుగు ఎర్త్‌లూ మళ్లీ వేశాను, కుడి చెయ్యి పూర్తిగా ముడుచుకోకపోయినా. అతను వదినా అనడం మానేశాడు. అమ్మా అంటున్నాడు. నా కంటే నాలుగేళ్లు పెద్దవాడు.

జోగమ్మ పోయిందట. మార్చి 21న. ఆ ఒక్క డయాలసిస్ తప్పినందుకో, అంతకుముందే ఆయుష్షు తీరిపోయిందో ఎవరూ చెప్పలేరు. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఢిల్లీబాబు ఈ మాట చెప్పాడు. వెనక సీట్లో సింహాద్రి విన్నాడు. పక్కన నేనూ విన్నాను. సింహాద్రి కిటికీ అద్దం దించమన్నాడు, దించాను. అంతే.

షాపుకి బళ్లు బాగానే వస్తున్నాయి. టార్పాలిన్ తీసేశాను. వచ్చినవాళ్లు నాతోనే మాట్లాడుతున్నారు, అయితే పని అయిపోగానే వెళ్లిపోతున్నారు. కామాక్షమ్మ టీ గ్లాసు బల్ల మీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా వెనక్కి తిరుగుతుంది. ఆరోజు వెనక డోరు దగ్గర నా మొహం ఎలా ఉందో ఆమె చూసింది. నేను చూడలేదు.

ఏప్రిల్ 11

అన్నం ముందు కూర్చుని సింహాద్రి, "ఇంకేటైనా అడగాలా?" అన్నాడు.

నాలుగోది ఉందన్నాను.

తిన్నంతసేపూ నా నోటి వైపే చూశాడు. నేను మజ్జిగ పోశాను. ఇంకా అడగలేదు.