మోతీబాయి పాటలకు డమ్మీ

మహబూబాబాద్

ప్రచురణకర్త శ్రీపాల్ గారికి బీక్యా నమస్కారాలు.

జనగామ నుంచి మీరు పంపిన పుస్తకం అందింది. అట్ట గట్టిగా ఉంది, కాగితం తెల్లగా ఉంది. ఎంత తెల్లగా అంటే, లోపల ఒక్క అక్షరం లేదు. మా అమ్మ మోతీబాయి పాడుతుంటే నేను రాసిన తండా పాటలన్నీ ఏమయ్యాయి? నా దగ్గర మరో ప్రతి లేదు. మళ్లీ పాడమందామంటే, పుస్తకం పేరెత్తగానే అమ్మ ముఖం ముడుచుకుంటుంది. రెండు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు.

కంగారులో ఉన్న
బీక్యా

తా.క.: ఎండలో పెట్టి చూశాను. దీపం దగ్గర పట్టి చూశాను. రేపు నీళ్లు చల్లి చూస్తాను.

జనగామ

బీక్యా అన్నకు శ్రీపాల్ రాయునది.

దయచేసి నీళ్లు చల్లకండి. పాటలు నా బీరువాలో భద్రంగా ఉన్నాయి. మీకు వచ్చింది డమ్మీ. అచ్చుకు ముందు అదే కాగితంతో, అన్నే పేజీలతో ఒక ఖాళీ పుస్తకం కుట్టి చూస్తాం. లావెంతో తెలిస్తేనే పుస్తకం వీపు మీద పేరు ఎంత పెద్దగా వేయాలో తెలుస్తుంది. ఇంగ్లీషులో డమ్మీ అంటే మొదట్లో మాట రాని మనిషి. తర్వాత అసలుకు బదులు నిలబెట్టే ఉత్తుత్తి వస్తువుకు, బట్టల దుకాణంలో బొమ్మకు ఆ పేరు పెట్టారు. అట్లా మా అచ్చు పనిలోకీ వచ్చింది. మూగ పుస్తకం అనుకోండి. లావు నచ్చిందో లేదో రాయండి, చాలు.

మీ పాటలకు కాపలా ఉన్న
శ్రీపాల్

తా.క.: డమ్మీ చదవడానికి కాదు, చూడడానికి.

మహబూబాబాద్

తమ్ముడు శ్రీపాల్‌కు,

పాటలు ఉన్నాయన్నారు, పోయిన ప్రాణం లేచొచ్చింది. కడుపునిండా తిన్నాను. అయితే మీ ఉత్తరం తండాలో చదివి వినిపించడం నా బుద్ధి తక్కువ. ఆ పుస్తకం చేతిలోకి తీసుకున్న మర్నాటి నుంచి అమ్మ నోరు విప్పడం లేదు. దాని మూగతనం ఆమెకు అంటిందని మా బాబాయి గోప్యా అంటున్నాడు. నేను అట్లాంటివి నమ్మను. అయినా పుస్తకాన్ని ఇవాళే బస్సులో వేసి పంపిస్తున్నాను.

మళ్లీ కంగారులో పడ్డ
బీక్యా

తా.క.: లావు బాగుంది.

మహబూబాబాద్

శ్రీపాల్ బిడ్డకు మోతీబాయి దీవెనలు. నేను చెప్తుంటే మనవరాలు జమున రాస్తున్నది.

నాకు ఏ రోగం లేదు బిడ్డా. పాటలన్ని పుస్తకంల పడ్డంక పెండ్లిళ్లకు నన్నెవరు పిలుస్తరని బుగులు పడ్డ. అందుకే సగం చెప్పి సగం దాసుకున్న. పుస్తకం ఖాళీగ ఉన్నదని తెల్వంగనె తండంత నా ఇంటికే వచ్చింది. "పుస్తకం ఉన్నా లేకున్నా నువ్వే పాడాలె అవ్వా" అన్నరు. నా పానం నిమ్మళమైంది. దాసుకున్నయి గూడ చెప్త. మర్సిపోయినయి మతికి తెచ్చుకుంట సప్పుడు చెయ్యకుంట కూసుంటే, నా కొడుకు పరేషాన్ అయిండు. నీ లావు చాలదు. ఇంకో మూగ పుస్తకం కుట్టు.

ఇట్లు, నోరున్న
మోతీబాయి

తా.క.: నేను జమునను. డమ్మీ బస్సెక్కే ముందు మా బడి వెంకటేశ్ సారు మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు. అచ్చుతప్పు ఒక్కటి కూడా లేదని మిమ్మల్ని మెచ్చుకున్నారు.