అక్కా, కవరు ఇంకా విప్పలేదు

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకు రెండేళ్లు. ఇన్నాళ్లూ రాయాలనిపించినా రాయలేదు. పోయిన నెల మన ఊళ్లో క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెడితే, నాకూ రొమ్ములో గడ్డ ఉందని నర్సమ్మ చెప్పింది. ఈ భయం నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేక కలం పట్టాను.

నరసరావుపేటలో రొమ్మును మెషీన్ పలకల మధ్య అదిమి ఫోటో తీశారు. స్కానింగ్ చేసే అమ్మాయి అప్పటిదాకా "ఏ ఊరు ఆంటీ?" అని కబుర్లాడి, ఒక్కసారిగా తెర దగ్గరికి వంగి అదే చోట మళ్లీ చూసింది. తరువాత సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. అప్పటినుంచి స్నానం చేసేటప్పుడు ఆ చోట చెయ్యి పెట్టలేకపోతున్నాను.

రిపోర్టు కవరు వచ్చి మూడు రోజులైంది. ప్రార్థన చేసి విప్పుదామని నీ బైబిల్లో పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది, నువ్వూ నీ రిపోర్టు అక్కడే పెట్టావు. "దేవుడి దగ్గర పెట్టానే, ఆయనే చూసుకుంటాడు" అని ఆర్నెల్లు గడిపావు. నిన్ను సమాధి చేసి వచ్చాక ఆ కవరు నాకు దొరికింది. అంటించింది అంటించినట్టే ఉంది.

పొద్దున మా ఆయన అన్నాడు: "ఏందే, మీ అక్క దారేనా? దేవుడు మూడు రోజుల్నుంచి చూస్తానే ఉన్నాడు గదా. ఇంక డాక్టర్ని గూడా చూడనియ్యి."

బయట ఆటో వచ్చింది. విప్పే ధైర్యం నాకు లేదు, డాక్టరమ్మ చేతే విప్పిస్తాను. కవరు తీసిన చోట ఈ కాగితాలు పెడుతున్నాను. వీటిని మాత్రం దాచుకో అక్కా, ఎవరికీ చూపించకు.