జాగ్వార్ మీద గోరంత ఖాళీ

బొమ్మ విమానానికి రంగు వేసిన చేతికి, దాన్ని చూసి నిజం విమానం ఎక్కాలనుకున్న పిల్ల విషయంలో ఎంత బాధ్యత ఉంటుంది? ఏళ్ల తరబడి ఈ ప్రశ్న మోస్తున్నాను. వీలునామాలో ప్రశ్నలు ఉండకూడదని, అన్నీ ఖరారు మాటలే ఉండాలని పక్కింటి గణేశ్వరరావు గారు చెప్పారు. ఆయన సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి, తెలిసే చెప్పి ఉంటారు. అయినా ముందు ఇది రాయకపోతే కింద రాసిన వాటికి అర్థం ఉండదు.

కీర్తిశేషులు మైలపల్లి అసిరయ్య గారి కుమార్తెను, ఫిజిక్స్ టీచరును, పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్ కాపురస్తురాలిని, నలభై ఏడేళ్ల మైలపల్లి సుష్మను నేను. వచ్చే వారం చెన్నైలో నా గుండె కవాటానికి ఆపరేషన్ జరగబోతున్నందున, బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవరి బలవంతమూ బోధనా లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ జతపరిచాను. మనసు సంగతి ఎవరూ రాసివ్వలేదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత పైన చెప్పిన గణేశ్వరరావు గారిది. ఆయన ఒప్పుకున్నారు. అక్షరదోషాలు దిద్దుతానన్నారు గానీ నేను ఒప్పుకోలేదు.

2. నా ఫ్లాటు, బ్యాంకులో ఉన్నది, ఈ కాగితంలో వేరే పేరున రాయని సమస్తమూ నా తమ్ముడు నాగబాబుకు సర్వహక్కులతో చెందాలి. వాడు దీవుల మధ్య తిరిగే షిప్పులో ఇంజిన్ పని చేస్తాడు. నాకూ వాడి భార్య స్వాతికీ మాట పెరిగిన ప్రతిసారీ "మీరూ మీరూ తేల్చుకోండి, నాకు సెయిలింగ్ ఉంది" అని బ్యాగు సర్దుకుంటాడు. ఆస్తి తీసుకోవడానికైనా ఒడ్డున ఉండమని మనవి.

నాన్న పడవ కుంచె కూడా వాడికే. దాని వెంట్రుకలు ఊడిపోయాయి, పారేయవద్దు. జంగ్లీఘాట్‌లో ఏటా పడవకి రంగు వేసేటప్పుడు నాన్న దాని ముక్కు దగ్గర అరచేయంత చోటు వదిలేసేవాడు. ఆ చోటుకి రంగు వేయాల్సింది చేపల వేటకి వెళ్లేవాళ్లు కాదు, ఒడ్డున ఉండిపోయేవాళ్లు. మా ఇంట్లో అది అమ్మ పని. "నువ్వు ఎయ్యకపోతే నానెల్లను సీతాలూ" అనేవాడు. ఒక ఏడు ఇద్దరికీ తగువొచ్చి అమ్మ కుంచె ముట్టలేదు. పక్క పడవలన్నీ వెళ్లిపోతున్నా మాది ఇసుకలోనే ఉంది. ఇంట్లో కూరకి చేప లేదు. నాన్న మాత్రం ఒడ్డునే కూర్చుని వల బాగుచేసుకున్నాడు.

3. నేను ముక్కలు అతికించి చేసే ప్లాస్టిక్ బొమ్మ విమానాలకు వాడే రంగు చిమ్మే గన్ను, కంప్రెసరు, రంగు సీసాలు డాలీగంజ్‌లో బైకులకు రంగులు వేసే యుగంధర్‌కు ఇవ్వాలి. గన్ను పట్టడం నేర్పింది అతనే. నా మిగ్ విమానం కడుపు కింద తగిలించే ఇంధనం ట్యాంకును మొదటిసారి చూసి, "దీదీ, దీనికి మైలేజీ ఎంత?" అని అడిగాడు. భయ్యా, వాన ముసురులో పైపూత వేయకు, చెమ్మకి తెల్లగా పాలిపోతుంది. సూది కడగకుండా ఇంటికి పోకు.

4. హస్తకళల ప్రదర్శన పెట్టిన గణపతి గారికి ఎంబ్రాయిడరీ చట్రం ఒకటి. నా మిరాజ్ విమానానికి "గృహిణుల అలంకరణ వస్తువులు" విభాగంలో రెండో బహుమతిగా ఆయనిచ్చిందే అది. నేను గృహిణిని కాను, అది అలంకరణా కాదు. మొదటి బహుమతి వచ్చిన గవ్వల నెమలి బాగుందన్నది మాత్రం ఒప్పుకుంటాను.

5. జాగ్వార్ తప్ప పూర్తయిన విమానాలన్నీ మా స్కూలు ఫిజిక్స్ ల్యాబుకు. అన్నీ నేల మీద నిలబడినవే, చక్రాలు దించి, పక్కన నిచ్చెన వేసి. కాక్‌పిట్లు ఖాళీ. పెట్టెలో వచ్చే పైలట్ బొమ్మను మొదటి రోజే తీసి పక్కన పెట్టేసేదాన్ని. నాగబాబు కూతురు కళ చిన్నప్పుడు "ఇందులో మనిషేడీ అత్తా?" అంటే, చాయ్ తాగడానికి వెళ్లాడని చెప్పేదాన్ని. నిజమేమిటంటే, మనిషిని కూర్చోబెడితే ఎక్కడికో పంపాల్సి వస్తుంది. రెక్కల కింద బాంబులకు పచ్చరంగు వేసి, సన్నటి పసుపు గీత గీసి, వెనక్కి జరిగి చూసుకుని ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయేదాన్ని. అవి ఎక్కడ పడతాయన్నది తర్వాత గుర్తొచ్చేది. ల్యాబులో పిల్లలకు రెక్క ఎలా పైకి లేస్తుందో చెప్పేటప్పుడు ఆ బాంబులు ఎందుకో కూడా చెప్పాలని నా షరతు.

6. జాగ్వార్.

ఇది సముద్రం మీద ఎగిరే రకం యుద్ధవిమానం, బూడిద నీలం. కళ కోసం చేశాను. డాలీగంజ్‌లో వాళ్ల ఇల్లు రన్‌వే పక్కనే. కళ్లు మూసుకుని చప్పుడును బట్టి విమానం పేరు చెప్పే పిల్ల. ఎయిర్ ఫోర్స్ సెలక్షన్‌కు వెళ్లే ముందు, "దీంట్లో నన్ను కూర్చోబెట్టు అత్తా" అంది. మొదటిసారి ఒప్పుకున్నాను. పైలట్ మెడ మీద, కళకు ఉన్నచోటే, పుట్టుమచ్చ చుక్క పెట్టాను. సెలక్షన్‌కని ఆమె షిప్పెక్కేలోగా ఇవ్వాలన్న తొందరలో, జులై వానల్లో, అద్దం మూతను ఎప్పుడూ వాడే తెల్ల జిగురుతో కాక చిటికెలో పట్టే జిగురుతో అతికించాను. ఆ జిగురు ఆవిరి చెమ్మకి అద్దం లోపలివైపు తెల్లగా పేరుకుంది. ఫిజిక్స్ చదివినదాన్ని, ఇది జరుగుతుందని తెలుసు. తెల్లారేసరికి లోపలి మనిషి కనిపించడం లేదు.

కళ నవ్వింది. "మబ్బులో ఉన్నాను, అంతే కదా. టెన్షన్ మత్ లో అత్తా."

స్వాతి నవ్వలేదు. విమానాన్ని రెండు చేతులతో ఎత్తి కిటికీ వెలుగులో చాలాసేపు చూసింది. "నీ బొమ్మలు చూసే కదా వొదినా దీనికి ఈ పిచ్చి పట్టింది. ఇప్పుడు మొకం కూడా కనపడకుండా మూసేసినావు. రేపు పిల్లని కూడా ఇలాగే పెట్టెలో మూసేసి నాకు చూపిస్తారేటి?" అని బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి మా మెట్లెక్కలేదు. ఆమె మాట తప్పని ఎలా అనను? కళ సెలక్ట్ అయింది. జనవరిలో ట్రైనింగుకు వెళుతుంది.

ఆ తర్వాత జాగ్వార్ ముక్కు కింద గోరంత చోట రంగు గీకేశాను. అక్కడ ఉత్త ప్లాస్టిక్ కనిపిస్తోంది. దానికి సరిపోయే రంగు చిన్న సీసాలో కలిపి పక్కన పెట్టాను. స్వాతి వేయాలని. ఫోన్ చేసి అడిగితే కాదంది.

7. కనుక సదరు జాగ్వార్ విమానమును, రంగు సీసాతో సహా, ____________ కు దఖలుపరుస్తున్నాను.

స్వాతి పేరు రాస్తే, ఆమె రంగు వేసి కూతురి చేతిలో పెట్టాలని నా ఆశ. కానీ అమ్మ కుంచె పట్టకపోతే పడవ ఆగేది. స్వాతి పట్టకపోయినా కళ ఆగదు. పైగా బతికున్న వదిన అడిగితే స్వాతి కాదనగలదు, కాదంది కూడా. పోయిన వదిన అడిగితే ఎలా కాదంటుంది? ఎదురుచెప్పే వీల్లేని చోటు నుంచి వాదన గెలవడం నాకు ఇష్టం లేదు. పోనీ కళ పేరు రాద్దామంటే, ఒడ్డున ఉండేవాళ్ల చెయ్యి పడకుండానే పంపించినట్టవుతుంది. తల్లిని దాటేసి వెళ్లమని నేనే చెప్పినట్టు.

పేరు లేని దఖలు చెల్లదని, అది కూడా రెండో అంశం ప్రకారం నాగబాబుకే పోతుందని గణేశ్వరరావు గారు హెచ్చరించారు. వాడు దాన్ని బ్యాగులో వేసుకుని సెయిలింగ్‌కి పోతాడు. అది కూడా తెలుసు.

ఈ గీత మీద పేరు రాద్దామని పొద్దుటి నుంచి పెన్ను పట్టుకుని కూర్చున్నాను. స్వాతికా, కళకా? నాకు తేలలేదు. తేలకుండానే సంతకం చేస్తున్నాను.

2025 డిసెంబర్ 2, మంగళవారం. కాగితాల్లో శ్రీవిజయపురం, మా నోట పోర్ట్ బ్లెయిర్.

(సంతకం) మైలపల్లి సుష్మ

ఆమె మా ఎదుట, మేము ఆమె ఎదుట సంతకాలు చేశాం. ఏడో అంశంలో ఖాళీ ఉండగానే చేశాం.

సాక్షులు:
1. లోకనాథం, కింది ఫ్లాటు
2. కనకదుర్గ, తోటి టీచరు