గూడెం ఆసుపత్రి తీసుకోదట

ఏవండీ,

మీరు వెళ్ళిపోయి రేపటికి ఏడాది. ఈ వారమంతా అత్తయ్యకి ఆరోగ్య బీమా చేయించడానికే తిరుగుతున్నాను. రెండు కంపెనీలు చూశాను. ఒకదానికి ఏలూరులో మాత్రమే ఆసుపత్రులున్నాయి. రెండోదానికి తాడేపల్లిగూడెంలో మిమ్మల్ని చివరిదాకా చూసిన డాక్టరుగారి ఆసుపత్రి ఉందని ఏజెంటు చెప్పాడు. అత్తయ్య పట్టు మీకు తెలుసు కదా. "వాణ్ణి చూసిన డాక్టరే నన్నూ చూడాలి" అని కూర్చున్నారు.

సంతకం పెట్టేముందు ఒకసారి కనుక్కుందామని ఇవాళ ఉంగుటూరులో బస్సెక్కి గూడెం వెళ్ళాను. ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి కంపెనీ పేరు వినగానే, "పోయిన నెల నుంచి వాళ్ళది తీసుకోవట్లేదండీ" అంది. అక్కడే నిలబడి ఏజెంటుకి ఫోన్ చేశాను.

"లిస్టులో ఉందండీ, నెట్‌లో చూడండి" అన్నాడు.

"నేను నెట్‌లో లేనండీ, ఆసుపత్రిలో ఉన్నాను!" అని అరిచేశాను. అందరూ తిరిగి చూశారు. మీ మీద కూడా ఎప్పుడూ గొంతు పెంచి ఎరగనిదాన్ని.

చేసేది లేక, ఏలూరు ఆసుపత్రులున్న కంపెనీకే సంతకం పెట్టి ఇంటికొచ్చాను. అత్తయ్య కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. "అంత దూరంలో నన్ను చేరిస్తే, అక్కడ నీకు తోడెవరుంటారే అమ్మాయ్?" అని అడిగారు.

మందులు వేసుకోమని చెప్పి, లేచి వచ్చి, మీకు రాస్తున్నాను.