చీపురుతో ఎక్కిన వేదిక

ఊరిగాం, 17-4-74

అమ్మకు వందనాలు. నేను క్షేమమే, వేరే విధంగా విన్నట్లయితే అది సంఘ కమిటీ వారి అభిప్రాయం మాత్రమే.

ఇక్కడి బంగారు గనులు సర్కారు పరమైనా, మా చర్చిలో ప్రసంగవేదిక ఇంకా పెద్దల పరమే. స్త్రీలు ఊడ్చి తుడవడానికి దానిమీదికి ఎక్కవచ్చును, మాట్లాడటానికి ఎక్కరాదు అని వారి తీర్మానం. మంచి శుక్రవారం నాడు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలపై ఏడుగురు మగవారు ప్రసంగించడం ఆనవాయితీ. ప్రభువు తన తల్లిని శిష్యునికి అప్పగించిన మూడో మాట చెప్పవలసిన పెద్ద, గనిలో డ్యూటీ పడి రాలేదు. నేను తీర్మానాన్ని గౌరవించి చీపురుతో ఎక్కాను, ఊడ్చాను, దిగకుండా ఆ మాటపై ప్రసంగించాను.

"దిగమ్మా! ఆడోళ్లు పైకెక్కి మాట్లాడేది యాడన్నా ఉండాదా?" అని కార్యదర్శి దేవసహాయం గారు కేకవేశారు.

"సిలువ కాడ మొగోళ్లు పారిపోతే, కడదాకా ఉండింది ఆడోళ్లే గదప్పా! ఇంగ నువ్వు కూచో," అంది ముందు చాప మీది రాహేలవ్వ. ఆయన కూర్చున్నారు.

నేను క్షమాపణ రాసిస్తేనే వచ్చే నెల మొదటి ఆదివారం ప్రభు భోజనంలో నాకు రొట్టె, ద్రాక్షారసం ఇస్తారట. రాయను. నాన్న నాకు నచ్చజెప్పే కార్డు మొదలుపెట్టి ఉంటే, మిగిలిన చోటులో మామిడికాయల ధర తెలపమని చెప్పు.

తోటలో కోత మొదలైందా? తమ్ముడి దగ్గు తగ్గిందా? వాడికి దీవెనలు, నాన్నకు వందనాలు. నీ తెల్ల నేత చీర పంపు. ఆ ఆదివారం అది కట్టుకుని అందరికంటే ముందు ప్రభువు బల్ల దగ్గర నిలబడతాను. ఈసారి చేతిలో చీపురు ఉండదు.

నీ కూతురు,
కృపావతి